పూసల నగల శీర్షికల్లో కొలతలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో, మహిళల పేజీల్లో ‘ఇంట్లోనే పూసల నగలు’ చేసుకునే తీరు తరచుగా వస్తోంది. ఫొటోలు ఇంపుగా ఉంటాయి. పూసలు, దారం, కొక్కెం తెచ్చుకుని గుచ్చుకోండి అంటూ నాలుగు వాక్యాల్లో ముగిసిపోతుంది. పూస ఎన్ని మిల్లీమీటర్లది, దారం ఎంత మందం, కొక్కెం దగ్గర ఎలా కట్టాలి అన్న మూడు సంగతులు మాత్రం ఎక్కడా కనిపించవు. అవి తెలియకుండా గుచ్చిన దండ ఏ పెళ్ళి పందిట్లోనో తెగి పూసలన్నీ నేలపాలవుతాయి. ‘మనకు చేతకాదులే’ అనుకుని ఆ పనిని అక్కడితో వదిలేస్తారు. చేతకాకేం కాదు, చెప్పేవాళ్ళు చెప్పకపోవడం వల్ల జరిగే నష్టమిది. పూసల పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి ఆ లోటు కొంతైనా పూడ్చాలని రాస్తున్నాం. ఉత్తరం పొడవైంది, అయినా కొలతల దగ్గర కత్తెర వేయవద్దని మనవి.

ముందు పూస సంగతి. గుండ్రటి పూసలను మి.మీ. లెక్కన అడిగితే చాలు. చిట్టిపూసలకు మాత్రం నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 6 నంబరు అంటే సుమారు 4 మి.మీ., 8 నంబరు 3 మి.మీ., 11 నంబరు 2 మి.మీ., 15 నంబరు ఒకటిన్నర. పొట్లం మీద 11/0 అని రాసి ఉండేది ఈ నంబరే. 11 నంబరు పూస అడ్డంగా 2 మి.మీ. ఉన్నా బెజ్జం వెంబడి అంత పొడవుండదు, అందుకే అంగుళానికి 18 దాకా పడతాయి. జపాన్ రకమైతే గ్రాముకు 110 పూసలు తూగుతాయి. కొక్కేనికి ఒక అంగుళం పోగా 17 అంగుళాల పేటకు 300 పై చిలుకు పూసలు, అంటే మూడు గ్రాముల లోపే. 10 గ్రాముల పొట్లంతో మూడు పేటలు వస్తాయి. జపాన్ పూసలు ఒకే తీరుగా ఉంటాయి. మిగతావాటిలో సన్నవీ లావువీ కలిసి వస్తాయి కాబట్టి పళ్ళెంలో పోసి ఏరుకోవాలి. ఒంటి పేటకు ఏరకపోయినా ఫరవాలేదు గానీ, సూదితో అల్లే పట్టీలకు ఏరకుండా వాడితే అంచు వంకర పోతుంది. ఎంత చేయి తిరిగినవాళ్ళు అల్లినా ఆ వంకర పోదు.

18 అంగుళాల దండ అంటే 457 మి.మీ. కొక్కేన్ని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే 4 మి.మీ. పూసలు 114, 6 మి.మీ.వి 76, 8 మి.మీ.వి 57 పడతాయి. కొనేటప్పుడు నాలుగైదు ఎక్కువే తీసుకోవాలి, ఎందుకంటే బెజ్జం పూడిపోయినవీ పగుళ్ళున్నవీ ప్రతి సరంలోనూ కొన్ని తగులుతాయి. బరువు కూడా చూసుకోవాలి. 8 మి.మీ. గాజుపూస ఒకటి 0.65 గ్రాము ఉంటుంది, 57 పూసలకు 37 గ్రాములు. అంత బరువును సన్నటి నైలాన్ దారం మీద వేలాడదీయడం సాహసమే.

చేతి గొలుసు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. మణికట్టు చుట్టుకొలత 6 అంగుళాలైతే 6 అంగుళాల గొలుసు చాలదు. మనం కొలిచే పొడవు పూసల నడిమధ్య నుంచి పోతుంది, చేతికి తగిలేది లోపలి అంచు. ఆ లోపలి చుట్టుకొలత, పూస మందానికి 3.14 రెట్లు ఎంతో అంత మేర తగ్గుతుంది. 8 మి.మీ. పూసలకు ఆ తగ్గుదల 25 మి.మీ., అంటే దాదాపు ఒక అంగుళం. కాస్త వదులు కోసం ఇంకో పావు అంగుళం కలిపితే 7 అంగుళాల పావు గుచ్చాలి. 4 మి.మీ. పూసలకైతే అర అంగుళం, పైన పావు, మొత్తం 6 ముప్పావు సరిపోతుంది. ఈ ఒక్క లెక్క అచ్చులో వస్తే ఎన్ని గొలుసులు విప్పి మళ్ళీ గుచ్చే పని తప్పుతుందో!

ఇక అసలు విషయం, బెజ్జం. దండ తెగితే దారం మంచిది కాదంటాం గానీ, చాలాసార్లు దారాన్ని కోసేది బెజ్జం అంచే. గాజుపూస తయారీ తెలిస్తే కారణం అర్థమవుతుంది. దీనికి వేరే దేశం వెళ్ళక్కర్లేదు, తిరుపతి జిల్లాలో పాపానాయుడుపేట ఉంది. కొలిమిలో కరిగిన గాజు ముద్దను లాడా అనే పొడవాటి ఇనుప గొట్టం మీదకు తీసుకుని, ముద్ద మధ్యలో బోలు ఏర్పరచి, దాన్ని సన్నటి గొట్టంగా లాగడం అక్కడి పద్ధతి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో బయటపడిన చిన్న గాజుపూసల్లో ఎక్కువ భాగం ఇలా లాగి చేసినవే. ఆ గొట్టాన్ని ముక్కలుగా నరికి, బెజ్జాలు మూసుకుపోకుండా బూడిదతో కలిపి, మళ్ళీ వేడి చేస్తారు. ఆ రెండో వేడికే నరికిన అంచులు కరిగి నునుపవుతాయి. ఏ ఊరి పూసైనా సరే, ఆ వేడి చాలకపోతే అంచు గాజుపెంకులాగే మిగిలిపోయి, కదిలినప్పుడల్లా దారాన్ని కొద్దికొద్దిగా కోస్తుంది. తీగ మీద గాజును చుట్టి చేసే పూసల్లో ఇబ్బంది ఇంకో రకం. గాజు తీగకు అంటుకోకుండా పూసే పొడి బెజ్జంలోనే మిగిలిపోయి దారాన్ని అరగదీస్తుంది.

కాబట్టి గుచ్చే ముందు పూసలను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, సన్న తీగతో బెజ్జాలు శుభ్రం చేసి ఆరబెట్టాలి. ఒక సన్నటి దారాన్ని బెజ్జంలోంచి నాలుగుసార్లు లాగి చూడండి. నూగు లేస్తే అంచు పదునుగా ఉందని గుర్తు. వజ్రపు పొడి అద్దిన సన్న ఆకురాయితో రెండు వైపులా నాలుగు తిప్పులు తిప్పితే ఆ పదును పోతుంది. ఈ పని పూసను నీళ్ళలో ముంచి మాత్రమే చేయాలి. పొడిగా అరగదీస్తే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా వేడికి పూస పగులుతుంది.

దారాల్లో ఇళ్ళల్లో ఎక్కువగా వాడేది చేపల గాలానికి కట్టే నైలాన్ తీగ. చవక, సూది అక్కర్లేదు. అయితే అది బరువుకు సాగుతుంది, ఎండకు పెళుసవుతుంది, నున్నగా ఉండటం వల్ల ముడి జారిపోతుంది. నూలు దారం చెమటకు నానుతుంది. గాజు, రాతి పూసలకు మా ఓటు గేర్ వైరుకే. సన్నటి ఉక్కు పోగులను మెలేసి పైన నైలాన్ పూత పూసిన తీగ ఇది. 7 పోగులది బిరుసు, 19 పోగులది నయం, 49 పోగులది దారంలా వాలుతుంది. మెడలో వేసుకునేదానికి కనీసం 19 పోగులది తీసుకోండి. చిట్టిపూసలకు 0.38 మి.మీ., 6 మి.మీ. పైన పూసలకు 0.48 మి.మీ. మందం సరిపోతుంది. ఒకసారి మడత పడితే ఆ ముక్క పనికిరాదు, నిమిరి సరిచేసినా లోపలి పోగులు దెబ్బతినే ఉంటాయి.

కొక్కెం దగ్గర గేర్ వైరుకు ముడి వేయకూడదు, గేర్ లాకు (తీగ మీద నొక్కి బిగించే చిన్న లోహపు పూస) వేయాలి. 2 మి.మీ. గొట్టం ఆకారపు లాకు ఈ రెండు మందాలకూ నప్పుతుంది. తీగకు లాకు ఎక్కించి, కొక్కెం రింగులోంచి తీసి, మళ్ళీ లాకులోంచే వెనక్కి తేవాలి. రింగు అటూ ఇటూ కదిలేంత చిన్న ఉచ్చు వదలాలి. ఉచ్చు లేకుండా బిగిస్తే రింగు అంచు తీగ పూతను ఒరుసుకుపోతుంది. లాకు లోపల రెండు తీగలూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. గేర్ లాకు పట్టకారుకు రెండు గాళ్ళుంటాయి. పిడికి దగ్గరగా ఉన్న గాడిలో ముందు నొక్కితే లాకు మధ్య లోతు పడి, తీగలు చెరోవైపు విడిపోతాయి. తర్వాత లాకును పావు వంతు తిప్పి, కొన దగ్గరి గాడిలో నొక్కితే అది సగానికి మడిచినట్టు గుండ్రంగా ముడుచుకుంటుంది. మామూలు పట్టకారుతో చదునుగా నొక్కేస్తే అప్పటికి పట్టినట్టే ఉంటుంది గానీ, అంచులు పదునెక్కి తీగను కోస్తాయి, చర్మాన్నీ గీరుతాయి. నొక్కాక రెండు చేతులా గట్టిగా లాగి చూడాల్సిందే. జారితే ఇప్పుడే జారాలి.

మిగిలిన తోకను లాకు పక్కనే కత్తిరించకుండా 2–3 సెంటీమీటర్ల మేర పూసల్లోకి దూర్చి, అప్పుడు కత్తిరించాలి. బెజ్జం సన్నగా ఉన్న పూసల్లో రెండు తీగలు పట్టవు. అలాంటి దండకు రెండు చివర్లా 8 నంబరు చిట్టిపూసలు ఓ పది చొప్పున గుచ్చితే తోక వాటిలో దాగుతుంది, చూడటానికీ బాగుంటుంది. రెండో చివర బిగించే ముందు పేటను నిట్టనిలువుగా పట్టుకోండి. పూసలన్నీ కిందికి జారి పైన 1–2 మి.మీ. ఖాళీ కనిపించాలి. అది లేకుండా బిర్రుగా బిగించిన దండ మెడ మీద కర్రలా నిలుస్తుంది. ఒంపు తిరిగిన ప్రతిచోటా పూసలు తీగను నొక్కి, అక్కడే తెంపుతాయి. ఖాళీ ఎక్కువైతే తీగ బయటపడి వికారంగా ఉంటుంది.

ముత్యాల పని పూర్తిగా వేరు. హైదరాబాద్ ముత్యాలంటాం గానీ, ఇప్పుడు అక్కడ అమ్ముడుపోయేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలే. వాటిని ఏరడం, జత చేయడం, గుచ్చడం హైదరాబాద్ పనితనం. ముత్యాన్ని పట్టు దారం మీద, పూసకూ పూసకూ మధ్య ముడి వేసి గుచ్చాలి. ముత్యం పై పొర మెత్తన, పక్క ముత్యంతో ఒరుసుకుంటే బెజ్జం చుట్టూ పొర లేస్తుంది. పైగా దారం తెగినా రాలేది ఒక్క ముత్యమే. 18 అంగుళాల దండకు, కొక్కేనికి అర అంగుళం పోగా, 6 మి.మీ. ముత్యాలు ముడులు లేకుండా 74 పడతాయి. ముడికి 1 మి.మీ. చొప్పున పోతే 63 చాలు. కొనేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే డబ్బు మిగులుతుంది. దారం రెండున్నర మీటర్లు తీసి రెండు పోగులు చేయాలి. రెండు పోగులూ బెజ్జంలో బిగుతుగా పోవాలి, ముడి మాత్రం బెజ్జంలోకి దూరకూడదు. ముడిని వదులుగా వేసి, ఉచ్చులో దబ్బనం కొన పెట్టి, ముత్యం అంచు దాకా నెట్టుకెళ్ళి, దబ్బనం తీస్తూ బిగించాలి. ముత్యం అంచుకు చేరకముందే బిగిస్తే ముడి ఎక్కడో మధ్యలో పడి, ముత్యాల మధ్య దారం కనిపిస్తుంది. పట్టు సాగుతుంది కాబట్టి గుచ్చే ముందు దారానికి చిన్న బరువు కట్టి రాత్రంతా వేలాడదీయడం మంచిది. చివరి ముడికి వెంటనే అతుక్కునే జిగురు వాడొద్దు. అది దారంలోకి ఇంకి గట్టిపడి, జిగురు ఆగిన చోట పుటుక్కున విరిగేలా చేస్తుంది. రంగులేని గోళ్ళ పాలిష్ ఒక చుక్క చాలు.

ముత్యమూ పగడమూ రెండూ సున్నపు పదార్థాలే. నిమ్మరసం, వెనిగర్, సెంటు, చెమట వాటిని తింటాయి. అలంకారమంతా అయ్యాక వేసుకుని, ఇంటికి రాగానే అన్నిటికంటే ముందు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, విడిగా చుట్టిపెట్టాలి. కడిగితే పట్టు దారం పూర్తిగా ఆరేదాకా వేసుకోకూడదు. తడి పట్టు ఇంకా సాగుతుంది.

నల్లపూసల గొలుసుల్లో ఇప్పుడు తీగ చుట్టి పూసను పూసకు తగిలించే రకం ఎక్కువగా అడుగుతున్నారు. ఇక్కడ గేజు (తీగ మందం చెప్పే నంబరు) గందరగోళం ఉంది. 22 గేజు తీగ అమెరికా లెక్కలో 0.64 మి.మీ., బ్రిటిష్ లెక్కలో 0.71 మి.మీ. 24 గేజు ఒకదానిలో 0.51, ఇంకోదానిలో 0.56. కొట్లో ఏ లెక్క చెబుతున్నారో తెలియదు కాబట్టి మి.మీ. అడగండి, లేదా పూస తీసుకెళ్ళి అక్కడే దూర్చి చూడండి. 3–4 మి.మీ. పూసలకు 0.5 మి.మీ. తీగ బాగుంటుంది. ఒక్కో పూసకు 5 సెంటీమీటర్లు కత్తిరించి, గుండ్రటి ముక్కు పట్టకారుతో రెండు వైపులా ఉంగరం తిప్పి, పక్క పూసకు తగిలించి, ఉంగరం మొదలు దగ్గర రెండు చుట్లు చుట్టి కొస నొక్కేయాలి. చుట్టకుండా ఉత్త ఉంగరం తిప్పి వదిలేస్తే చీర కొంగుకు తగులుకున్నప్పుడల్లా విచ్చుకుంటుంది. పట్టకారు ముక్కు మీద ఒకచోట గుర్తు పెట్టుకుని ఎప్పుడూ అక్కడే తిప్పితే ఉంగరాలన్నీ ఒకే సైజులో వస్తాయి.

జంప్ రింగుల (ముక్కలను కలపడానికి తెరిచి మూసే చిన్న లోహపు రింగుల) దగ్గర దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. రింగును రెండు వైపులకీ విడదీసి తెరుస్తారు. అలా తెరిస్తే గుండ్రం పోయి మళ్ళీ సరిగా మూసుకోదు. రెండు పట్టకార్లతో పట్టుకుని ఒక కొసను ముందుకీ, ఇంకోదాన్ని వెనక్కీ తిప్పాలి. మూసేటప్పుడు హద్దు దాటి కొద్దిగా తోసి వెనక్కి తెస్తే కొసలు టక్కుమని కలుస్తాయి. గోరు పెట్టి చూస్తే సందు తగలకూడదు. లాకెట్ పట్టే రింగు 0.8 మి.మీ. మందానికి తగ్గకూడదు.

రెండు మూడు పేటలు వేసేవాళ్ళు అన్నీ ఒకే పొడవున గుచ్చితే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి మెలిపడతాయి. పేటకూ పేటకూ అంగుళం తేడా ఉంటే ఎదురుగా అర అంగుళం ఎడం వస్తుంది. గుట్టపూసల మాదిరిగా కింద కుచ్చులు వేలాడదీయాలనుకునేవాళ్ళు గేర్ వైరు ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండు కొసలకూ పలక లాంటి కమ్మీ పెట్టుకోవాలి, లేకపోతే బరువంతా మధ్యకు లాగి హారం మడిచిపోతుంది.

రంగు విషయంలో కొనేచోటే జాగ్రత్త పడొచ్చు. తడి దూదితో ఒకసారి, గోళ్ళ పాలిష్ తీసే ద్రవంతో ఇంకోసారి పూసను రుద్దండి. దూదికి రంగు అంటితే చెమటకు జాకెట్టు పాడవడం ఖాయం. ఫిరోజా అనే నీలిరంగు రాయి పేరుతో అమ్మేవాటిలో చాలావరకు రంగు పట్టించిన తెల్లరాళ్ళే. తెలిసి కొనుక్కుంటే తప్పులేదు, ధర మాత్రం తెల్లరాయికి తగ్గట్టే ఇవ్వాలి. మచిలీపట్నం, చిలకలపూడి నుంచి వచ్చే బంగారు పూత గుండ్లు, పూసకు అటూ ఇటూ పెట్టే టోపీలు పూసల మధ్య ఎంతో అందాన్నిస్తాయి. ఒంటికి తగిలాక పొడిగుడ్డతో తుడిచి, గాలి చొరని సంచిలో దాస్తే పూత చాలాకాలం నిలుస్తుంది. చెవి కొక్కేలకు మాత్రం వెండి, బంగారం, సర్జికల్ స్టీలు తప్ప ఏదీ సూచించకండి. చవక లోహాల్లోని నికెల్ పడక చెవులు పుండ్లు పడినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

మీ శీర్షికలకు మా విన్నపం చిన్నదే. ప్రతి నమూనా కింద పూస కొలత, సంఖ్య, దారం రకం, మందం, ముగించే పద్ధతి ఒక్క పెట్టెలో వేయండి. పత్రికకు వీలయ్యేది, ఫోన్ తెరలో వీలుకానిది ఇంకొకటి ఉంది. 2, 3, 4, 6, 8 మి.మీ. వృత్తాలను అసలు సైజులో ఒక వరుసగా అచ్చువేస్తే పాఠకులు తమ పూసను దాని మీద పెట్టి చూసుకుంటారు, ఆ ముక్క కత్తిరించి పూసల డబ్బాలో దాచుకుంటారు.

స్థలం చాలక ఇవన్నీ తీసేయాల్సి వచ్చినా ఒక్కటి మాత్రం తప్పక వేయండి. చంటిపిల్లల చేతికి దిష్టి తగలకుండా నల్లపూసలు ఎలాస్టిక్ మీద గుచ్చి కట్టే నమూనాలు కూడా ఈ మధ్య ‘సులువైన పని’గా వస్తున్నాయి. ఎలాస్టిక్ చెమటకు, నూనెకు, రోజూ పోసే స్నానానికి వదులై ముడి దగ్గర తెగుతుంది. పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసది. 6 మి.మీ. పూస ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటే తీయడానికి ఆపరేషన్ థియేటరుకు పరిగెత్తాలి. ఆచారం పాటించాలనుకునేవాళ్ళు పూసలు లేకుండా మెత్తటి నల్లదారం ఒక్కటే, లోపలికి పెద్దవాళ్ళ వేలు దూరేంత వదులుగా కట్టుకోవచ్చు. మెడలో మాత్రం ఏదీ వేయకూడదు, ముఖ్యంగా పడుకోబెట్టేటప్పుడు. మూడేళ్ళు నిండేదాకా విడిపూసలున్న ఏ నగా పిల్లల ఒంటి మీద వద్దు. అయస్కాంతపు కొక్కేలు పిల్లలున్న ఇంట్లోకే రానివ్వొద్దు. అవి రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెడతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మెడలో కూడా అలాంటి కొక్కెం ఉండకూడదు. ఈ హెచ్చరికలన్నీ నమూనా పక్కనే, అదే పరిమాణం అక్షరాల్లో రావాలని కోరుతున్నాం.

ఇట్లు,
పూసల పని చేసే పాఠకురాళ్ళు,
విజయవాడ